నలభై రెండు వంతుల గాలి

మా మేడ మీది గాలి ఆర్గిరో పెద్దమ్మదని అందరం నవ్వుతూ అనేవాళ్ళం. ఏటా శుద్ధ సోమవారం నాడు, అంటే పెద్ద ఉపవాసాలు మొదలయ్యే రోజున, డాబా మీద దుప్పట్లు పరుచుకుని అక్కడే తింటాం. నువ్వులద్దిన పలచటి రొట్టె, చేపగుడ్ల ముద్ద, ఉల్లికాడలు, హల్వా. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. పటం లేవకముందే ప్రతి పిల్లా ఆమె దగ్గరకు వెళ్ళి అరచేతిలో ఒక ఆలివ్ కాయ పెట్టాలి. అది గాలికి అద్దె. ఆమె కాయ నోట్లో వేసుకుని, గింజను గౌను జేబులో దాచుకుని, "సరే, ఎగరెయ్. చిరిగితే పూచీ నాది కాదు" అనేది. అందరం నవ్వేవాళ్ళం. ఆమె మాత్రం నవ్వేది కాదు. అదీ వేడుకలో భాగమే అనుకునేవాళ్ళం.

పోయిన ఏడు ఆ సోమవారం మా మరిది స్త్రాతోస్ కూడా డాబా మీదికి వచ్చాడు. కొలతలు తీసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. పండగపూట ఆ మనిషికి సెలవైనా లేదా అని నేనడిగితే, సెలవు రోజున ఎండ బాగుంటుంది వదినా అన్నాడు. ఆ మనిషి మా రొట్టెలను దాటుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు టేపు పట్టాడు. ఆర్గిరో వాళ్ళిద్దరి ముందూ అరచెయ్యి చాచింది. స్త్రాతోస్ జేబులోంచి రెండు యూరోల నాణెం తీసి అందులో పెట్టాడు. ఆమె తిరిగి ఇచ్చేసింది.

"డబ్బు కాదు నాయనా. ఆలివ్ కాయ."

అతను నాకేసి చూసి, ముసలావిడకు మతి పోతోందన్నట్టు కనుబొమలెగరేశాడు. నాణెం జేబులో వేసుకున్నాడు. కాయ మాత్రం ఇవ్వలేదు.

మా డాబా మీద ఎండకు నీళ్ళు కాగే తొట్టెల పక్కన నిలబడి ఎడమకు వంగితే ఆక్రోపోలిస్ కొండ మీది పాత గుడి బొటనవేలి గోరంత కనిపిస్తుంది. అతనికి కావలసింది ఆ గోరంత ముక్కే. దాని ఎదురుగా చెక్క అరుగు, నాలుగు పడక కుర్చీలు, వేడినీళ్ళ తొట్టె పెట్టి, కింది ఇళ్ళన్నీ యాత్రికులకు రోజువారీ అద్దెకివ్వాలని అతని ఆలోచన.

మేముండేది ఏథెన్స్‌లో, కిప్సేలి పేటలో. మా మేడను అరవై ఆరులో కట్టారు. అయిదంతస్తులు, అంతస్తుకు రెండిళ్ళు, అడుగున సగం నేలలోకి దిగిన ఒంటిగది ఇల్లు. ఆ ఒంటిగదిలో ఆర్గిరో యాభై అయిదేళ్ళుగా అద్దెకుంటోంది. ఎనభై ఒకటి దాటింది. బట్టలు సరిచేసి బతుకుతుంది. పొడుగైనవి పొట్టి చేయడం, చిరిగినవి కుట్టడం, జిప్పులు మార్చడం. ఆమె కిటికీ కాలిబాటతో సమానంగా ఉంటుంది కాబట్టి పేటలో వాళ్ళను ఆమె ముఖాలతో కాదు, చెప్పులతో, ప్యాంటు అంచులతో గుర్తుపడుతుంది. మెట్లు దిగి వెళ్ళే ఓపిక లేక అందరూ ఆ కిటికీలోంచే బట్టలందిస్తారు. అందివ్వాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. మా పేటలో ఎంతటివాడైనా ఏదో ఒకనాడు ఆ కిటికీ ముందు మోకాళ్ళూనినవాడే.

నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివాను. ఆ చదువుతో చేసిన ఉద్యోగం లేదు. ట్రాలీబస్సు నడిపే సరాంతిస్‌ను పెళ్ళి చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి, తొమ్మిదేళ్ళుగా ఈ మేడ నిర్వహణ చూస్తున్నాను. లిఫ్టు బాగుచేయించడం, మెట్లు కడిగించడం, నెల ఖర్చులను ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి కింద హాల్లో కాగితం అంటించడం. జీతం లేని పని కాబట్టి ఇంకెవరూ పోటీకి రాలేదు. రెండో అంతస్తులో మేముండే ఇల్లు మా అమ్మది. ఇప్పుడు నా పేరు మీద ఉంది.

స్త్రాతోస్ మా ఆయన తమ్ముడు. స్నానాల గది పలకలమ్మే దుకాణం ఉండేది. దేశం అప్పుల్లో మునిగిన చెడ్డరోజుల్లో మూతపడింది. ఆ తర్వాత అతను ఇళ్ళు కొనడం నేర్చుకున్నాడు. ఒక్కొక్కటిగా, అయిదేళ్ళలో, మా మేడలో ఏడిళ్ళు కొన్నాడు. తల్లిదండ్రులు పోయాక పన్ను కట్టలేక విసిగిపోయిన వారసులు, శివార్లకు వెళ్ళిపోయినవాళ్ళు వచ్చినంతకే ఇచ్చేశారు. ఆదివారాలు మా బల్ల దగ్గర కూర్చుని చేప ముళ్ళు తీసుకుంటూ అతను ఈ విద్య మాకు బోధించేవాడు. రంగు వెలిసిన వీధిలోనే కొనాలట. మేడ వీధి తలుపు మీద పేర్లు ఎంత వేరువేరు భాషల్లో ఉంటే అంత మంచిదట.

"డబ్బున్నోళ్ళ పేటలో కొంటే అద్దెకున్నవాడు లాయరు చేత ఉత్తరం రాయిస్తాడు వదినా. ఇక్కడ కొంటే ఒకటో తారీఖున తనే పట్టుకొచ్చి ఇస్తాడు. రెండో తారీఖైతే పైగా క్షమించమంటాడు. పేదోడు తినకముందు అద్దె కడతాడు. వీధి అంటే భయం వాడికి."

ఆ మాట నాకు గుర్తుండిపోయింది, ఎందుకంటే అది నిజం. నిజమైన మాటను అంత రుచిగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

సరాంతిస్ రిటైరైనప్పుడు చేతికొచ్చిన మొత్తం తమ్ముడికి ఇచ్చాడు. నన్నడగలేదు. ఇచ్చాక చెప్పాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను, కడగడం ఆపలేదు.

నెల అద్దెలతో అతను తృప్తిపడి ఉంటే ఈ కథ లేదు. పక్క వీధిలో ఎవరో యాత్రికుల నుంచి మూడు రాత్రులకు నెల అద్దెంత వసూలు చేస్తున్నారని విన్నాడు. ఆ తర్వాత నిద్రపట్టలేదతనికి. ఏప్రిల్‌లో, ఈస్టర్ పండగ గుడ్ల ఎరుపు రంగు ఇంకా వేళ్ళకు అంటుకుని ఉండగానే, అద్దెకున్నవాళ్ళకు కాగితాలిచ్చాడు. ఆగస్టు ముప్పై ఒకటితో ఒప్పందాలు ముగుస్తాయి, మళ్ళీ రాయను, ఖాళీ చేయండి. మొదటి అంతస్తులో లిందితాకు కూడా ఇచ్చాడు. ఆమె అల్బేనియా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. పొద్దున్నే ఆఫీసులు తుడుస్తుంది. ఇద్దరు కూతుళ్ళూ వీధి మూలనున్న బడిలో చదువుతున్నారు. ఆ కాగితం నాకు చూపించి, ఇందులో నాకు తెలియని మాట ఏదైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. అన్నీ తెలిసిన మాటలే.

ఆర్గిరోకు అతను కిటికీ దగ్గర నిలబడే చదివి వినిపించాడు. వంగలేదు. ఆమె అంతా విని, అతని కాళ్ళకేసి చూసి, "ప్యాంటు ఎడం కాలు అంచు ఊడుతోంది. చూసుకో" అందట. ఎదురు కొట్టుదాకా వినిపించిందట.

ఆమె ఆ గది వదిలితే వెళ్ళడానికి చోటు లేదు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క చెల్లెలు కొడుకు థెస్సలొనీకిలో అత్తగారింట్లో ఉంటున్నాడు. కుట్టుమిషను ఎత్తి ఎక్కడ పెట్టినా ఆ కిటికీ ఉండదు, ఆ కిటికీ లేకపోతే బట్టలిచ్చేవాళ్ళు రారు. ఇది మా అందరికీ తెలుసు. స్త్రాతోస్‌కూ తెలుసు.

అతని దారికి అడ్డం ఒక్కటే ఉంది. మేడ కట్టిననాడు రాసిన నియమావళి. అందులో తొమ్మిదో అంశం: ఈ మేడలో హోటలు, సత్రం, ఆసుపత్రి, నాట్యశాల, రాగిపాత్రల పని పెట్టరాదు. పక్క మేడలో ఒకాయన ఇలాంటి అంశాన్ని లెక్కచేయకుండా మొదలుపెట్టి కోర్టులో ఓడిపోయాడు. అందుకని స్త్రాతోస్ జాగ్రత్తపడ్డాడు. ఆ అంశం కొట్టేయాలంటే వాటాదారులందరూ నోటరీ ముందు సంతకం చేయాలి. ఒక్కరు తక్కువైనా కుదరదు. ఏడిళ్ళు తనవి. మూడిళ్ళవాళ్ళు శివార్లలో ఉంటున్నారు, వాళ్ళు సరేనన్నారు. మిగిలింది నాది. నన్నడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాడు. మే నెలలో సమావేశం పెట్టు వదినా, నోటీసులు నువ్వే పంపు అని చెప్పి, ఆదివారం కేకు మిగిలింది కట్టించుకుని వెళ్ళాడు.

నోటీసులు పంపేముందు పాత పుస్తకం తీశాను. మా దేశంలో ఇలాంటి మేడల్లో ప్రతి ఇంటికీ వెయ్యిలో ఇన్ని వంతులని రాసి ఉంటుంది. ఓటుకూ ఖర్చులకూ అదే కొలత. నా ఇంటిది తొంభై ఆరు. ఆ ఒంటిగదిది ముప్పై ఒకటి. అన్నీ కూడితే తొమ్మిదివందల యాభై ఎనిమిది. ఈ తేడా నాకు మొదటి ఏడాది నుంచీ తెలుసు. నాకంటే ముందు నిర్వహణ చూసిన హెడ్మాస్టరుగారు మార్జినులో పెన్సిలుతో రాసిపెట్టారు: 'మిగతా నలభై రెండూ గాలి. గాలికి లిఫ్టు ఖర్చు లేదు.' అది ఆయన చమత్కారం అనుకున్నాను. కూరలవాడి చిట్టీలో పది సెంట్ల తేడా వచ్చినా వెనక్కి నడిచివెళ్ళి అడిగే దాన్ని, తొమ్మిదేళ్ళు ఆ పెన్సిలు గీత మీదుగా చెయ్యి పోనిచ్చి పేజీ తిప్పాను. ఈ తప్పు నాది, ఇంకెవరి మీదా వేయను.

మర్నాడు సరాంతిస్ ప్యాంటొకటి చేతపట్టుకుని కిందికి వెళ్ళాను. కిటికీ దగ్గర కాదు, మెట్లు దిగి లోపలికి. గది నిండా బెండకాయలు టమాటాతో ఉడుకుతున్న వాసన. ఆమె మిషను మీద నుంచి తలెత్తకుండానే ఈ ప్యాంటుకు ఏ రోగమూ లేదు, ఎందుకు తెచ్చావంది.

"పెద్దమ్మా, డాబా మీది గాలి ఎవరిది?"

మిషను ఆగింది.

"నాదే. ఏటా చెబుతూనే ఉన్నాగా. మీరే నవ్వుతారు."

బట్టలు కత్తిరించే నమూనా కాగితాల దొంతరలోంచి ఒక మడతపెట్టిన కాగితం తీసింది. ముద్రలు, సంతకాలు, అరవై ఆరు డిసెంబరు తేదీ. అయిదో అంతస్తుపై కట్టబోయే అంతస్తు హక్కు, వెయ్యికి నలభై రెండు వంతులతో సహా, ప్రోద్రోమోస్‌కూ అతని వారసులకూ. ప్రోద్రోమోస్ ఆమె భర్త. ప్లాస్టరింగు మేస్త్రీ. ఈ మేడ గోడలన్నీ అతని చేతి పనే. కట్టించే కాంట్రాక్టరుకు చివరి అంతస్తు దగ్గర డబ్బైపోయింది. ఏడు నెలల కూలి బాకీ. నా దగ్గర ఇంకేం లేదు మేస్త్రీ, పైన గాలుంది తీసుకో, ఎప్పుడైనా రెండు గదులు వేసుకో అన్నాడట. అతను తీసుకున్నాడు. ఊరికే తీసుకోలేదు, నోటరీ దగ్గరకు లాక్కెళ్ళి రాయించుకున్నాడు.

ఆర్గిరో వాళ్ళమ్మ ఏడ్చిందట. ఏడు నెలలు చాకిరీ చేసి అల్లుడు గాలి మూటగట్టుకొచ్చాడని పేటంతా నవ్విందట. పైన కట్టేదాకా కింద ఉందామని ఈ గదిలో దిగారు. ఇటుకలు కొనేలోపే ఈ వీధిలో ఇంతకన్నా ఎత్తు కట్టకూడదని చట్టం వచ్చింది. ఆ తర్వాత ప్రోద్రోమోస్ ఊపిరితిత్తుల్లో సున్నం నిండి పోయాడు.

"పైకి పోయేదాకా కింద ఉందామనుకున్నాం. ఇదిగో, ఇన్నాళ్ళు." కాగితం మళ్ళీ మడిచి నమూనాల మధ్య పెట్టింది. "మీ మరిదికి చెబుతావా?"

చెప్పనన్నాను. చెప్పే పని నాది కాదు. నా పని నోటీసులు పంపడం. వాటాదారులందరికీ పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా. ఇంటికొకటి చొప్పున పదకొండు నోటీసుల బదులు పన్నెండు రాశాను. పన్నెండోది ఆమె కిటికీ ముందు మోకాళ్ళూని నేనే అందించాను. పుస్తకంలో తేదీ వేసి సంతకం తీసుకున్నాను. ఇందులో మోసం లేదు, కుట్ర లేదు. ఎవరికి పంపాలో వాళ్ళకి పంపాను. ఇంట్లో సరాంతిస్ అడగలేదు, నేను చెప్పలేదు. అతను డబ్బు ఇచ్చినప్పుడు నాకు ఎప్పుడు చెప్పాడో, సమావేశం గురించి నేనూ అప్పుడే చెబుదామనుకున్నాను.

మే నెల మూడో బుధవారం సాయంత్రం కింద హాల్లో సమావేశం. చలువరాయి నేల మీద అందరూ తలో కుర్చీ తెచ్చుకున్నారు. స్త్రాతోస్ నోటరీ ఆవిడను తీసుకొచ్చాడు. ఓటయ్యాక పంచడానికి మిఠాయి పెట్టె కూడా తెచ్చాడు, రిబ్బను కట్టించి. ఉత్తరాల పెట్టెల మీద పెట్టాడు. లిందితా ఓటు లేని మనిషి కాబట్టి కోటు విప్పకుండా మెట్ల మీద నిలబడి చూస్తోంది. పిల్లలిద్దరూ ఆమె వెనక ఒక మెట్టు పైన.

నేను పుస్తకం తెరిచి పేర్లు చదవబోతుంటే అడుగు నుంచి మెట్ల మీద చప్పుడు. ఆర్గిరో మిషను ముందు వేసుకునే కుర్చీని ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ వస్తోంది. సరాంతిస్ లేచి అందుకున్నాడు. అతనికి మర్యాద ఎప్పుడూ తక్కువ కాదు.

స్త్రాతోస్ మెత్తగానే మొదలుపెట్టాడు. "పెద్దమ్మా, ఇది ఇళ్ళున్నవాళ్ళ మీటింగు. అద్దెకున్నవాళ్ళు రాకూడదు. ఏదైనా ఉంటే రేపు మాట్లాడుకుందాం."

"రేపు నీకు కుదరదులే" అని ఆమె కాగితం నోటరీ ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ కళ్ళద్దాలు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చదివింది. ఆర్గిరో గుర్తింపు కార్డు అడిగింది. ప్రోద్రోమోస్ వారసత్వం రాయించారా అంది. రాయించిన కాగితమూ ఉంది, అదే మడతలో.

"ఇది చెల్లుతుంది" అంది నోటరీ. "ఈవిడ సంతకం కూడా కావాలి."

"గాలికి సంతకమేంటండీ?" స్త్రాతోస్ నవ్వాడు. చుట్టూ చూశాడు, ఎవరైనా కలిసి నవ్వుతారేమోనని. "అక్కడేం లేదు. ఇల్లు లేదు, గోడ లేదు. నేను చూశాను, కొలిపించాను కూడా."

"మీరు కొన్న ఏడిళ్ళ దస్తావేజుల్లోనూ ఇది రాసే ఉంటుంది. మొదటి పేజీలోనే. చదవలేదా మీరు?"

అతను చదవలేదు. మా వాళ్ళు ఇల్లు కొనేటప్పుడు గోడలు తట్టి చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు, ధర రాసిన పేజీ పదిసార్లు చదువుతారు. మేడ మీద ఆకాశం ఎవరిదని అడిగేవాడు లేడు. అతను పలకల వ్యాపారి. కాళ్ళ కింద ఏముందో అతనికి తెలుసు.

తేరుకుని కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు. తెలియక జరిగింది పెద్దమ్మా, నీ గాలి నేను కొంటాను అన్నాడు. ఒక అంకె చెప్పాడు. తక్కువేం కాదు. ఆమె ఆరేళ్ళు కుట్టినా రానిది.

"ఇప్పుడు నాకెందుకు? అరవై ఆరులో కావాల్సింది ఆ డబ్బు. అప్పుడు మా ఆయన కాళ్ళకి బూట్లు లేవు."

అంకె పెంచాడు. ఆమె గడ్డం కొంచెం పైకెత్తి, నాలుకతో ఒక్క చప్పుడు చేసింది. మాలో కాదనడానికి అంతకన్నా అక్కర్లేదు.

అప్పుడు స్త్రాతోస్ తన దగ్గరున్న అసలు సంగతి బయటపెట్టాడు. అతను తెలివితక్కువవాడు కాదు. ఎవరికి ఎక్కడ భయమో తెలుసు, ఆ విద్యతోనే ఏడిళ్ళు కొన్నాడు. సంతకం చెయ్, ఆ గది నీకు బతికినన్నాళ్ళూ ఉంటుంది, అద్దె కూడా వద్దు, ఇప్పుడే ఈవిడ ముందు రాసిస్తాను అన్నాడు. నోటరీ కలం తీసింది కూడా.

ఆమె ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకుంటే తప్పుపట్టే హక్కు ఆ హాల్లో ఎవరికీ లేదు, నాకసలే లేదు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషికి చచ్చేదాకా నీడ ఇస్తానంటే ఏం చేయాలి. లిందితా కూడా అదే అనుకుని ఉంటుంది. చూపు తిప్పుకుని పిల్ల జడ సరిచేయడం మొదలుపెట్టింది.

ఆర్గిరో ఆ జడకేసి చూసింది.

"వీళ్ళో?"

"వీళ్ళ సంగతి వేరు. నీ సంగతి నీది."

"మరి ఇక్కడెవరుంటారు?"

"మంచి మనుషులే పెద్దమ్మా. అన్ని దేశాలవాళ్ళూ వస్తారు. చదువుకున్నవాళ్ళు. నీకు రోజూ కొత్త ముఖాలు."

"ముఖాలు నాకెందుకురా, నేను చూసేది కాళ్ళు." ఆమె కుర్చీలోంచి లేచింది. లేవడానికి సమయం పట్టింది, ఎవరూ సాయం పట్టలేదు, పట్టనిచ్చేది కాదు. "రెండు రోజులుండి పోయేవాడు నా దగ్గర ప్యాంటు అంచు మడతేయించుకుంటాడా? ఈ పిల్ల ఏటా నాలుగు వేళ్ళు పెరుగుతోంది. ఏటా దాని స్కర్టు అంచు నేనే విప్పి దించుతా. వీళ్ళందరినీ పంపించి నన్నొక్కదాన్నీ కింద కూచోబెట్టి చక్రాల పెట్టెలు దొర్లుతుంటే లెక్కపెట్టుకోమంటావా? ఉట్టినే ఇచ్చినా వద్దు ఆ గది. మా ఆయన్ని ఒకసారి గాలిచ్చి సరిపెట్టారు. నన్ను కూడా సరిపెట్టాలని చూడకు."

మళ్ళీ గడ్డం పైకెత్తింది. ఈసారి చప్పుడు చేయలేదు.

స్త్రాతోస్ ముఖం మారింది. ఆదివారాల బల్ల దగ్గర నేను చూడని ముఖం. సరే, ఆగస్టు ముప్పై ఒకటి రాత్రి తాళం మారుస్తానన్నాడు. "ఎక్కి నీ గాలిలో కాపురం పెట్టుకో పో. వానాకాలం ఎట్లా ఉంటుందో చూద్దువుగాని."

ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆ చేతి మీద సూది గుచ్చుకున్న మచ్చలు నాకు కనబడ్డాయి. నేను పుస్తకంలో కలం పెట్టాను.

"గాలిలోకెందుకు? మా చిన్నదాని గది ఖాళీగా ఉంది. రెండో అంతస్తు, బాల్కనీ వీధివైపే. తాడుకి బుట్ట కట్టి దించితే బట్టలు అందులో వేస్తారు" అన్నాను. "ఇంకోటి స్త్రాతోస్. నువ్వు పదకొండు సంతకాలు లెక్కపెట్టుకున్నావు. నాది నన్నడగలేదు. నేను చెయ్యను."

"వదినా" అన్నాడతను, నేనేదో పొరపాటున వేడి గిన్నె ముట్టుకున్నట్టు.

సరాంతిస్ నెమ్మదిగా నాకేసి తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. అదే నాకు కష్టమైంది.

"ఫోతినీ. మన డబ్బంతా అందులో ఉంది."

"ఉంది. ఇచ్చేటప్పుడు నన్నడగలేదు. సంతకం మాత్రం నన్నడగాల్సిందే. అందుకని చెబుతున్నా."

ఆ తర్వాత సమావేశం తీర్మానం రాశాను. నిర్వాహకురాలిని కాబట్టి రాయడం నా పని. తొమ్మిదో అంశం రద్దు చేయాలన్న ప్రతిపాదన. వ్యతిరేకం: అయిదో అంతస్తుపై హక్కు, నలభై రెండు వంతులు. వ్యతిరేకం: రెండో అంతస్తు, తొంభై ఆరు వంతులు. ప్రతిపాదన వీగిపోయింది. చేతిరాత ఎక్కడా వంకర పోలేదని తర్వాత చూసుకున్నాను. ఒక్కొక్కరి చేతా సంతకం పెట్టించాను, స్త్రాతోస్ చేత కూడా. ఆర్గిరో తన పేరు ఎదుట సంతకం చేయడానికి చాలాసేపు తీసుకుంది. ఆ పుస్తకంలో ఆమె పేరు రావడం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ ఉత్తరాల పెట్టెల మీది మిఠాయి పెట్టె రిబ్బను విప్పి, రెండు తీసి లిందితా పిల్లలకిచ్చి, ఒకటి తనూ తిన్నది.

ఇంట్లో సరాంతిస్ పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది తినేవాడు, పళ్ళెం కడిగిపెట్టేవాడు. పన్నెండో రోజున ఉప్పు తక్కువైందన్నాడు. ఆ డబ్బు మాటెత్తితే ఇప్పటికీ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. అది తిరిగి వస్తుందో రాదో నాకు తెలియదు. అతను ముప్పై ఒక్క ఏళ్ళు స్టీరింగు తిప్పి సంపాదించింది. నాకు బాధ లేదని చెప్పను. ఒకవేళ మళ్ళీ అడిగితే మళ్ళీ చెయ్యననే అంటాను.

వేసవంతా స్త్రాతోస్ ఏడిళ్ళనూ మొత్తంగా అమ్మాలని చూశాడు. వచ్చినవాళ్ళు ఈసారి ముందుగా పై గాలి సంగతి అడిగారు, పేటలో ఆ కబురు అంత తొందరగా పాకింది. హోటలు పెట్టనివ్వని మేడ మీద ఎవరూ పెద్ద ధర పెట్టలేదు. సగం నేలలో ఉన్న గదికి కొత్తగా అద్దెకొస్తామన్నవాళ్ళూ లేరు. తాళం వేసిపెట్టిన ఇంటికి కూడా పన్ను ఆగదు. తినకముందు కట్టాల్సినవి కొన్ని ఇల్లున్నవాడికీ ఉంటాయి. అతనికి అది ఆ వేసవిలో తెలిసింది.

ఆగస్టు చివరి వారం, మిట్టమధ్యాహ్నం. పేట సగం దీవులకు వెళ్ళిపోయి వీధి ఖాళీగా ఉంది. నేను పుచ్చకాయ మోసుకుంటూ వస్తున్నాను. ఆర్గిరో కిటికీ ముందు స్త్రాతోస్ కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి మిషను చప్పుడు ఆగకుండా వస్తోంది. అతను ఏదో అన్నాడు, మిషను చప్పుడులో ఆమెకు వినబడలేదు, లేదా వినబడనట్టు ఉంది. కాలిబాట ఎండకు పెనంలా ఉంది. చివరికి అతను ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కిందికి వంగాడు. మోకాళ్ళూని కాగితాలు లోపలికి అందించాడు. పాత అద్దెకే మూడేళ్ళ ఒప్పందం. లిందితాది కూడా కలిపి తెచ్చాడు, అది ఆర్గిరో షరతట. తనది ఒక్కటీ తెస్తే తీసుకోనందట.

నేను చూడనట్టు పోవచ్చు. పోలేదు. పుచ్చకాయ కింద దించి నిలబడ్డాను.

మిషను ఆగలేదు. ఆమె పట్టిన కుట్టు ముగించింది, దారం పంటితో కొరికింది, కళ్ళద్దాలు మార్చుకుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. అతను అంతసేపూ మోకాళ్ళ మీదే ఉన్నాడు. చదివాక తన ఒప్పందం రెండు ప్రతుల మీదా సంతకం పెట్టి కాగితాలు తిరిగి అందించింది.

"గాలి మీద నీకింకా ఆశ పోలేదు. నాకు తెలుసు" అంది. "ఆశ పెట్టుకో. దానికేం అద్దె లేదు."

అతను లేవబోతుంటే ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి అతని ప్యాంటు ఎడం కాలు అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. ఏప్రిల్‌లో ఊడటం మొదలైనది ఇప్పుడు మడమ దాకా వేలాడుతోంది.

"రేపు తెచ్చి ఇవ్వు. నాలుగు యూరోలు" అంది. "ముందే ఇవ్వాలి."